చార్జింగ్ ఎక్కని ఫోను, మార్చాల్సిన బ్యాటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓ మొబైల్ కంపెనీ సర్వీస్ సెంటర్లో నాలుగేళ్లు కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఆ ఉద్యోగం మానేసి చాన్నాళ్లయింది, ప్రశ్నలు మాత్రం ఆగలేదు. పెళ్లికి వెళ్తే భోజనాల బంతిలో కూడా "బాబూ, నా ఫోనుకి చార్జింగ్ నిలబడట్లేదు" అంటూ ఎవరో ఒకరు పక్కన చేరతారు. అందరూ అడిగేవి దాదాపు అవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి

రాత్రంతా పెట్టినా చార్జింగ్ ఎక్కలేదు. బ్యాటరీ పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీ దాకా వెళ్లే దారిలో అడాప్టర్, కేబుల్, ఫోను అడుగున ఉండే పోర్టు, లోపల చార్జింగ్‌ని నడిపే చిప్పు (చార్జింగ్ ఐసీ) ఉన్నాయి. వీటిలో ఏది చెడినా మనం "బ్యాటరీ పోయింది" అనే అంటాం. ముందు వేరే ప్లగ్గులో పెట్టండి. తర్వాత ఇంట్లో బాగా పనిచేస్తున్న మరో కేబుల్, ఆ తర్వాత మరో అడాప్టర్ పెట్టి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలియదు.

అవన్నీ బాగుంటే పోర్టులోకి టార్చి వేసి చూడండి. జేబులో తిరిగే ఫోనుకి బట్టల నూగు, దుమ్ము అడుగున గట్టిగా అణిగిపోయి ఉంటాయి. కేబుల్ టక్కుమని పూర్తిగా దిగకపోవడమే దానికి గుర్తు. ఫోను ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా బయటికి లాగండి. పిన్నీసు, సూది మాత్రం వద్దు. లోపలి పిన్నులు వంగాయంటే పైసా ఖర్చులేని పని కాస్తా పోర్టు మార్చేదాకా వెళ్తుంది. కొత్త బ్యాటరీ వేయించుకుందామని వచ్చిన ఒకాయన ఫోనుని ఇలాగే శుభ్రం చేసి ఇచ్చేస్తే, బిల్లేమీ లేదంటే ఎంతకీ నమ్మలేదు.

కేబుల్ ఓ పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతోంది. పుస్తకం కింద పెట్టి నెట్టుకొస్తున్నా. పర్లేదా?

మంచిది కాదు. పిన్ను సరిగ్గా ఆనని చోట వేడి పుడుతుంది, పోర్టు ప్లాస్టిక్ కరిగిన ఫోనులు చూశాను. చాలా ఆండ్రాయిడ్ ఫోనుల్లో పోర్టు మెయిన్ బోర్డు మీద ఉండదు, కింది భాగంలో విడిగా ఓ చిన్న చార్జింగ్ బోర్డు మీద ఉంటుంది. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. బ్యాటరీ మార్చాలని ఎవరైనా అంటే ముందు ఈ బోర్డు చూశారా అని అడగండి.

ఫాస్ట్ చార్జరే పెట్టాను, అయినా నత్తలా ఎక్కుతోంది. ఎందుకని?

ఫోనూ చార్జరూ ముందు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు అన్నది ఒప్పందానికి వస్తాయి. ఆ మాట కలవకపోతే మామూలు వేగమే దిక్కు. ఒప్పో, వన్‌ప్లస్‌లది ఒక పద్ధతి, షావోమీ లాంటి కంపెనీలది మరో పద్ధతి. ఆ కంపెనీ అడాప్టర్‌తో పాటు ఆ కంపెనీ కేబుల్ కూడా ఉండాలి. శాంసంగ్, పిక్సెల్, ఐఫోనులు యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతి వాడతాయి. అడాప్టర్ మీద 65 వాట్లని ఉన్నంత మాత్రాన మీ ఫోనుకి 65 రావు. ఫోను వేడెక్కినా వేగం తగ్గుతుంది, అది లోపం కాదు.

80 శాతం దగ్గర ఆగిపోతోంది. ఇది జబ్బా?

సాధారణంగా సెట్టింగే. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని 80 దగ్గర ఆపే, లేదా మీరు నిద్రలేచే వేళకి 100 చేసే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోనుల్లో ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం చూడండి. అది ఆఫ్‌లో ఉన్నా ఆగుతుంటే వేడి కారణం కావచ్చు. ఆగకుండా నెమ్మదించడం మాత్రం లిథియం బ్యాటరీ స్వభావం. చివరి భాగంలో వోల్టేజీ పెంచకుండా కరెంటు తగ్గించుకుంటూ నింపుతారు.

30 శాతం ఉండగానే ఫోను ఆగిపోతోంది, చార్జర్ పెట్టగానే మళ్లీ 28 చూపిస్తోంది. ఇదేం విచిత్రం?

ఇది బ్యాటరీ తప్పే. పాతబడ్డ కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినా, ఆట ఆడినా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అప్పుడు వోల్టేజీ ధబాలున పడిపోయి ఫోను ఆరిపోతుంది. ట్యాంకులో నీళ్లున్నా పైపు పూడుకుపోతే కుళాయిలో ధార రాదు చూడండి, అలాగన్నమాట. బ్యాటరీ మార్చడమే మందు.

మూడు నెలలు బీరువాలో పడేసిన ఫోను. ఇప్పుడు చార్జర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

బ్యాటరీ మరీ అడుగంటితే లోపలున్న రక్షణ సర్క్యూట్ ఫోనుతో దాని లంకెని తెంచేస్తుంది. మామూలు చార్జర్‌కి పెట్టి, అరగంట నుంచి గంట దాకా కదపకుండా వదిలేయండి. చాలా ఫోనులు సన్నగా కరెంటు తీసుకుని లేస్తాయి. లేవకపోతే, "డైరెక్టుగా కరెంటిచ్చి లేపుతా" అనే వాళ్లకి ఇవ్వకండి. అంతగా ఎండిన బ్యాటరీ లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

వెనక మూత కాస్త పైకి లేచింది. నొక్కితే మళ్లీ కూర్చుంటోంది. ఏం చేయను?

నొక్కడం ఇప్పుడే ఆపేయండి. బ్యాటరీ ఉబ్బింది. లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుట్టి, ఆ సంచీని బెలూన్‌లా పొంగిస్తుంది. చార్జింగ్ బాగానే ఉంది కదా, డేటా తీసుకున్నాక చూద్దాం అనుకునేవాళ్లే ఎక్కువ.

చార్జింగ్ పెట్టకండి. ఉన్న చార్జితో ముఖ్యమైనవి బ్యాకప్ తీసుకుని ఆఫ్ చేయండి. మంచం, సోఫా, దిండు మీద కాకుండా గచ్చు మీదో టైల్స్ మీదో పెట్టండి. గాలి తీద్దామని సూదితో పొడవడం యూట్యూబ్‌లో చూసి ఒకతను చేశాడు, అరచెయ్యి కాలింది. కొరియర్‌లో పంపకండి, విమానంలో తీసుకెళ్లకండి. సర్వీస్ సెంటర్‌కి స్వయంగా తీసుకెళ్లి, ఉబ్బిందన్న మాట ముందే చెప్పండి. పొగ వచ్చినా, సీటీలా సన్నటి శబ్దం వచ్చినా చేత్తో తీయకుండా మనుషులు దూరం జరగాలి.

చార్జింగ్‌లో ఉండగా తాకితే చెయ్యి జివ్వుమంటోంది. కరెంటు కొడుతున్నట్టా?

లోహపు అంచున్న ఫోనుల్లో సన్నటి జివ్వు సాధారణం. ఎర్తింగ్ లేని రెండు పిన్నుల అడాప్టర్‌లో ఒక చిన్న కెపాసిటర్ గుండా అతి తక్కువ కరెంటు జారుతుంది. తడి నేల మీద ఉత్తికాళ్లతో నిలబడితే ఇంకాస్త తెలుస్తుంది. గట్టిగా కొట్టినట్టు ఉంటే మాత్రం అడాప్టర్ మార్చండి. దాని మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజంగా ఆ తయారీదారుడిదో కాదో తెలుస్తుంది. బస్టాండు బయట 150 రూపాయలకి కొన్నదాంట్లో ఈ నంబరు ఉంటే ఒకసారి తప్పకుండా కొట్టి చూడండి.

వర్షంలో తడిసింది. బియ్యం డబ్బాలో పెట్టాను. ఎప్పుడు చార్జింగ్ పెట్టొచ్చు?

బియ్యంలోంచి తీసేయండి. అది తేమ లాగేది తక్కువ, పోర్టులోకి పొడి పోవడం ఎక్కువ. పోర్టు కిందికి వచ్చేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. హెయిర్ డ్రైయర్ వద్దు. తేమ ఉందన్న హెచ్చరిక స్క్రీన్ మీద వస్తుంటే అది పోయేదాకా కేబుల్ పెట్టొద్దు. తడి పోర్టులో కరెంటు పారితే పిన్నులు పచ్చగా తుప్పుపడతాయి.

రాత్రంతా చార్జింగ్‌లో వదిలేస్తే బ్యాటరీ చెడుతుందా?

నిండాక ఫోనే ఆపుకుంటుంది, ఎక్కువై పేలడం అనేది మంచి ఫోనులో జరగదు. చెడగొట్టేది వేడి. దిండు కింద, దుప్పటి కింద పెట్టొద్దు. చాలా ఫోనులకి చుట్టూ ఉండే గాలి 35 డిగ్రీలు దాటకూడదని కంపెనీలే చెబుతాయి. రెంటచింతల ఎండల్లో బండి హ్యాండిల్‌కి ఫోను బిగించి, మ్యాప్ పెట్టి, పైగా బండి నుంచే చార్జింగ్ ఇచ్చే వాళ్ల బ్యాటరీలు రెండు వేసవులు కూడా మన్నవు.

## సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర

ఫోను వారంటీలో ఉంది. బ్యాటరీ ఊరికే మారుస్తారా?

లోపముంటే మారుస్తారు, అరిగిపోతే మార్చరు. గొడవంతా ఈ రెండు మాటల మధ్యే. ఉబ్బడం, అసలు చార్జి కాకపోవడం, కొత్త ఫోనే అకస్మాత్తుగా ఆరిపోవడం లోపాల కిందికి వస్తాయి. "ముందులాగా రోజంతా రావట్లేదు" అంటే అరుగుదల అంటారు. తేల్చేది వాళ్ల డయాగ్నోస్టిక్ పరీక్ష. ఆపిల్‌కి 80 శాతం గీత ఉంది. ఐఫోను 14 దాకా వచ్చిన మోడళ్లు 500 పూర్తి చార్జిల తర్వాత, 15 నుంచి 1000 తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలన్నది ఆ కంపెనీ పెట్టుకున్న లెక్క. ఏడాది లోపే 80 కిందికి వస్తే గట్టిగా అడగండి. ఫోనుకి ఏడాది వారంటీ ఉన్నా డబ్బాలో వచ్చిన అడాప్టర్, కేబుల్‌కి చాలా కంపెనీలు ఆరు నెలలే ఇస్తాయి, ఇది కార్డు మీద చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఫోను తీసుకునేటప్పుడు కౌంటర్లో రాసిచ్చే జాబ్ షీట్‌లో ఏం రాయించుకోవాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, దీన్ని అడిగేవాళ్లే తక్కువ. కౌంటర్ వెనక ఉన్నప్పుడు నేనూ "బ్యాటరీ ప్రాబ్లమ్" అని రెండు ముక్కలు కొట్టి పంపేసేవాణ్ని. ఆ రెండు ముక్కలు రేపు మీకేమీ ఉపయోగపడవు. "30 శాతం దగ్గర ఆరిపోతోంది, కంపెనీ చార్జర్‌తోనే, రోజుకి మూడుసార్లు" అని మీ మాటల్లోనే రాయించండి. తేదీ, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), స్క్రీన్ మీద గీతలున్నాయా, బాడీ సొట్టపడిందా అన్నవి కూడా ఉండాలి. లేకపోతే తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త గీత ఎవరిదన్న పంచాయితీ వస్తుంది. ఏమీ లోపం లేదని తిప్పి పంపినా సరే, ఆ మాట కాగితం మీదో మెయిల్లోనో తీసుకోండి. అదే లోపంతో రెండోసారి, మూడోసారి వెళ్లినప్పుడు మీ పక్షాన మాట్లాడేవి ఈ పాత షీట్లే. వారంటీ ఆఖరి వారంలో ఇచ్చి, విడి భాగం రాక నెల ఆలస్యమైనా షీట్ మీది తేదీ మిమ్మల్ని కాపాడుతుంది.

లోపల తడి తగిలిందని వారంటీ ఇవ్వమన్నారు. నేను నీళ్లలో వేయనే లేదు!

ఫోను లోపల తెల్లటి చిన్న స్టిక్కరు ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. దాన్ని చూసే ఆ మాట అంటారు. విప్పిన ఫోనుని మీ కళ్లతో చూపించమనండి, ఫోటో అడగండి. స్టిక్కరు ఎర్రబడినా బోర్డు మీద, బ్యాటరీ కనెక్టర్ దగ్గర తుప్పు లేకపోతే, ఈ లోపానికీ ఆ తడికీ సంబంధమేమిటో రాసిమ్మనండి. రాయడానికి వెనకాడారంటే మాట మెత్తబడుతుంది. ఇక ఐపీ68 ఫోను కదా అంటారా, నీళ్లని తట్టుకుంటుందని ప్రకటనలో చెప్పినా, నీటి నష్టం వారంటీలో రాదని కార్డులో రాసే కంపెనీలే ఎక్కువ.

పాస్‌వర్డ్ అడుగుతున్నారు. ఇవ్వాలా? ఫోటోలు పోతాయా?

బ్యాటరీ మార్చడానికి డేటా చెరపనక్కర్లేదు. అయినా బ్యాకప్ తీసుకునే ఇవ్వండి, సిమ్ తీసేయండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే టెక్నీషియన్ పరీక్షలు చేయగలడు గానీ మీ ఫోటోలు, మెసేజీలు కనబడవు. పాస్‌వర్డ్‌ని జాబ్ షీట్ మీద రాసివ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మా అబ్బాయి అమెరికా నుంచి పంపిన ఫోను. ఇక్కడ చూస్తారా?

కంపెనీని బట్టి ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి. డబ్బులు కడతామన్నా, ఆ మోడల్ ఇక్కడ అమ్మకపోతే బ్యాటరీ దొరకదు. ఐఫోనులకి సాధారణంగా ఇబ్బంది తక్కువ. అబ్బాయి మళ్లీ సెలవులకి వచ్చేలా ఉంటే, ఫోను అతనితో పంపి అక్కడ మార్పించడమే తేలిక. బ్యాటరీ ఉబ్బకుండా ఉంటేనే సుమా, అదీ చేతి సంచీలో.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో సగం ధరకే, అరగంటలో వేస్తామంటున్నారు. వేయించుకోనా?

ఫోను వారంటీ దాటి, కంపెనీ విడి భాగాలు ఆపేసిన మోడల్ అయితే అదే దారి. ఆబిడ్స్‌లో నిజంగా చెయ్యి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు, బోర్డు మీది ఐసీ మార్చడంలో సర్వీస్ సెంటర్ వాళ్లకన్నా నయం. సర్వీస్ సెంటర్లో ఐసీ మార్చరు, బోర్డు మొత్తం మారుస్తారు. చిక్కల్లా బ్యాటరీ నాణ్యత దగ్గరే. "ఒరిజినల్" అన్న మాటకి అక్కడ నాలుగైదు ధరలుంటాయి. ఐఫోను ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి పై మోడళ్లలో బయటి బ్యాటరీ వేస్తే, ఇది అసలైనదో కాదో చెప్పలేమని ఫోనే సందేశం చూపిస్తుంది. వారంటీ ఉన్న ఫోనుని మాత్రం బయట విప్పించకండి.

## కంపెనీయే తప్పు ఒప్పుకున్నప్పుడు

బ్యాటరీలని కంపెనీలు నిజంగా వెనక్కి తీసుకున్న సందర్భాలున్నాయా?

మన దగ్గర బాగా గుర్తుండిపోయింది 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ సంగతి. మత్సుషితా కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు చార్జింగ్‌లో షార్ట్ అయి వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. బ్యాటరీ వెనకనున్న 26 అక్షరాల సంఖ్యని చూసి ఉచితంగా మార్చారు. అప్పట్లో మూత తీసి బ్యాటరీ చేతిలోకి తీసుకోగలిగేవాళ్లం కాబట్టి అది సాధ్యమైంది.

2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 కథ వేరు. ఆగస్టులో విడుదలైంది, సెప్టెంబరు 2న దాదాపు 25 లక్షల ఫోనులకి వెనక్కి పిలుపు వచ్చింది. మార్చి ఇచ్చినవీ అంటుకోవడంతో అక్టోబరులో తయారీయే ఆపేశారు. మొదటి సరఫరాదారు బ్యాటరీలో మూల దగ్గర ఎలక్ట్రోడు వంగిందని, రెండో సరఫరాదారు బ్యాటరీలో వెల్డింగు మొనలు పొరని చీల్చాయని 2017 జనవరిలో శాంసంగ్ బయటపెట్టింది. కారణం తేలకముందే సరఫరాదారుని మార్చేసి ఊపిరి పీల్చుకోవడం వల్ల వచ్చిన తంటా అది. భారత్‌లో అమ్మకాలు మొదలుకాకముందే ఆగిపోయాయి.

అప్‌డేట్ చేశాక బ్యాటరీ సగానికి పడిపోయింది. కావాలనే చేశారా?

కొన్నిసార్లు అవును, కావాలనే. పాతబడ్డ బ్యాటరీ వేడెక్కకుండా సాఫ్ట్‌వేర్‌తో పగ్గం వేస్తారు. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏకి, జులైలో పిక్సెల్ 6ఏకి ఇలాంటి అప్‌డేట్ వచ్చింది. 6ఏలో 400 చార్జిలు దాటిన కొన్ని ఫోనులకి సామర్థ్యం, వేగం రెండూ తగ్గాయి. బదులుగా ఉచిత బ్యాటరీ, లేదా డబ్బు రూపంలో పరిహారం ఇస్తామన్నారు. ఆపిల్ అయితే ముందు చెప్పకుండా పాత ఐఫోనుల వేగం తగ్గించి 2017 డిసెంబరులో క్షమాపణ చెప్పుకుంది. అప్పుడు అమెరికాలో బ్యాటరీ మార్పిడి 79 డాలర్ల నుంచి 29కి, మన దగ్గర 6,500 రూపాయల నుంచి 2,000కి దిగింది. అలాంటి పథకాలకి గడువుంటుంది. అది దాటితే మామూలు ధరే.

నా ఫోను అలాంటి జాబితాలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఐఎంఈఐ వస్తుంది. కంపెనీ సొంత వెబ్‌సైట్లో సపోర్ట్ విభాగానికి వెళ్లి ఆ నంబరు వేసి చూడండి. "మీ ఫోను బ్యాటరీ ఉచితంగా మారుస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోను వస్తే పెట్టేయండి. బ్యాటరీ మార్చడానికి ఏ కంపెనీకీ మీ బ్యాంకు ఓటీపీతో పనిలేదు.

## మార్చాక

కొత్త బ్యాటరీ వేయించి రెండు రోజులైంది, శాతం గెంతులేస్తోంది. మోసం చేశారా?

నాలుగైదు రోజులాగండి. లోపలికెంత వెళ్లింది, బయటికెంత వచ్చింది అని లెక్కగట్టి ఫోను శాతం చూపిస్తుంది, కొత్త బ్యాటరీకి ఆ లెక్క కుదరాలి. ఒకసారి 10 దాకా దించి, ఆపకుండా 100 దాకా ఎక్కించండి. వారమైనా కుదరకపోతే తీసుకెళ్లండి.

వేసిన బ్యాటరీకి మళ్లీ వారంటీ ఉంటుందా?

ఉంటుంది, బిల్లు ఉంటే. ఆపిల్ 90 రోజులు లేదా మిగిలిన వారంటీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తుంది. మిగతా కంపెనీలది బిల్లు మీద చూసుకోండి.

ఫోను విప్పారు కదా, ఇంకా నీళ్లకి ఆగుతుందా?

నమ్మకం పెట్టుకోకండి. అంచుల చుట్టూ ఉండే జిగురు పట్టీ కొత్తది వేశారా అని అడగండి. వేసినా చేత్తో చేసిన పని ఫ్యాక్టరీ బిగింపు కాదు.

పాత బ్యాటరీ చెత్తబుట్టలో వేయొచ్చా?

వద్దు. చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవి సేకరించే బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్లోనే వదిలేయండి.

## మాట వినకపోతే

మూడుసార్లు తిప్పారు. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ముందు కంపెనీ ఫిర్యాదుల మెయిల్‌కి బిల్లు, జాబ్ షీట్లు జతచేసి రాయండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా వ్యవహారాలు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే అక్కడ నమోదైన ఫిర్యాదు నేరుగా కంపెనీ పైవాళ్ల దగ్గరికి వెళ్తుంది, కౌంటర్ మీద కుర్రాడి దగ్గరికి కాదు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. 12,000 రూపాయల ఫోను కోసం కోర్టేమిటని సిగ్గుపడకండి.

చార్జింగ్‌లో ఉండగా కాలిపోయింది. కంపెనీవాళ్లు ఫోను పంపమంటున్నారు. పంపనా?

వెంటనే వద్దు. ముందు కాలిన ఫోను, అడాప్టర్, కేబుల్, ప్లగ్గు, కాలిన చోటు అన్నీ ఫోటోలు, వీడియో తీయండి. గాయమైతే ఆసుపత్రి కాగితాలు జాగ్రత్తచేయండి. ఫోను ఇచ్చేటప్పుడు ఐఎంఈఐ, దాని స్థితి, ఎందుకు తీసుకుంటున్నారు, పరీక్ష నివేదిక కాపీ ఇస్తారా అన్నవన్నీ రాసిన రసీదు తీసుకోండి. 2019 చట్టంలో వస్తువు లోపం వల్ల మనిషికో ఇంటికో నష్టం జరిగితే తయారీదారు పరిహారం కట్టాలని విడిగా ఒక అధ్యాయమే ఉంది. వాళ్లు ముందు అడిగేది ఒకటే, ఏ చార్జర్ వాడారు అని. అందుకే కాలిన అడాప్టర్‌ని పారేయకుండా, ఫోనుతో పాటు ఇచ్చేయకుండా, మీ దగ్గరే ఉంచుకోండి.

మూత తీసి బ్యాటరీ మార్చుకునే ఫోనులు మళ్లీ వస్తాయా?

యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి వాడేవాళ్లే బ్యాటరీ తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి వస్తోంది. అక్కడికోసం చేసిన మార్పు మన మోడళ్లకీ రావచ్చు. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, కంపెనీల సర్వీసు వివరాలు అందులో చూసుకోవచ్చు. కొత్త ఫోను కొనేముందు అక్కడో, సర్వీస్ సెంటర్లోనో ఆ మోడల్ బ్యాటరీ ధర కనుక్కోండి. నేనైతే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడగడం మానేసి ముందు అదే అడుగుతున్నాను.